గుంత వైపు చూడరాదు

దోషులు మీరే. రోడ్లకు కాపలా ఉండాల్సిన ఇంజనీర్లూ, రోడ్డు ఏ దిక్కున ఉందో కూడా చూడకుండా కుర్చీలో అరిగిపోయిన మీరే. అద్దాలు బిగించిన కార్లలో తిరుగుతూ రెండు చక్రాల వాళ్ళకు బుద్ధులు చెప్పే భద్రతా సంఘం పెద్దలూ, మీరే. షామియానా కింద చల్లటి మజ్జిగ అందగానే దేనికో తెలియకుండా చప్పట్లు కొట్టిన ఎర్రమిట్ట ప్రజలారా, మీరూ తక్కువ తినలేదు. కానీ అందరికంటే ముందు వరసలో, తోలు కోటు తొడుక్కుని, నున్నటి మొహంతో ఫొటోకు నవ్విన ఓబులేసు అనే పెద్దమనిషి ఒకడున్నాడే, అసలు ముద్దాయి వాడు. వాడిని వదిలేసి మిమ్మల్ని మాత్రమే తిడితే న్యాయం కాదు.

ఎర్రమిట్టలో రోడ్ల సాధన సమితికి అధ్యక్షుడు ఓబులేసే, కార్యదర్శి ఓబులేసే. ఊరేగింపులో ముందు నిలబడి నినాదం ఇచ్చేదీ, వెనక్కి పరిగెత్తి దానికి బదులు పలికేదీ కూడా ఓబులేసే. బడి చదువు సగంలో ఆగింది. చట్టాలన్నీ మస్తాన్ టీ కొట్టులో పాత పేపర్లు చదివి నేర్చుకున్నాడు. మైకు దొరికితే వదలడు. దొరక్కపోతే మైకు అక్కర్లేదంటాడు.

అతని పోరాటమంతా గానుగ మలుపులో ఉన్న ఒక గుంత మీద. మొదట అది అరచెయ్యంత ఉండేది. ఎవరూ పట్టించుకోకపోయేసరికి అన్నం పళ్ళెమంత అయింది. తర్వాత గంగాళమంత అయి, చివరికి వాన కురిస్తే బర్రె పడుకునేంత అయింది. ఒక వానాకాలపు సాయంత్రం ఓబులేసు మోపెడ్ వెనక కూర్చుని వస్తున్న అతని భార్య తులశమ్మ అందులో పడింది. కుడి మణికట్టు విరిగింది.

తులశమ్మ దర్జీ. మలుపుకు అవతల ఆమెకు చిన్న కొట్టు ఉంది. పెళ్ళి రవిక అంటే ఎర్రమిట్టలో ఆమె చెయ్యి పడాల్సిందే. పెద్దాసుపత్రిలో ఆ చేతి ఎముకకు ఇనప పలక వేసి పంపుతూ డాక్టరు ఒక మాట చెప్పాడు: "ఇంకొకసారి దీని మీద పడ్డావంటే కత్తెర సంగతి మర్చిపోవాలమ్మా." ఆనాటి నుంచి ఆమె మోపెడ్ ఎక్కలేదు. మలుపు మొహం చూడకుండా, రైలు కట్ట పక్కన ముళ్ళదారిలో చుట్టూ నడిచి కొట్టుకు పోయి వస్తుంది.

ఆమె చేతికి కట్టు కట్టించిన రోజే ఓబులేసు గుంత ఒడ్డున నిలబడి జనం ముందర ఒట్టు పెట్టాడు. "ఈ గుంత పూడేదాకా నేను గడ్డం తీయను." మగవాళ్ళ త్యాగాలు చాలామటుకు ఇట్లాగే ఉంటాయి. విరిగేది ఒకరి చెయ్యి, పెరిగేది ఇంకొకరి గడ్డం.

మొదట్లో జనం నవ్వారు. గడ్డం చొక్కా గుండీలను దాటేసరికి దానికి ఒక హోదా వచ్చింది. గుంత ఎట్లుందని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఓబులేసు మొహం చూసి తెలుసుకునేవాళ్ళు. రోడ్ల శాఖ ఇంజనీరు చంద్రమౌళీశ్వరరావు గారిదీ అదే పద్ధతి. ఆయన గానుగ మలుపుకు ఏనాడూ వచ్చిన పాపాన పోలేదు. సోమవారం అర్జీలు తీసుకునే రోజున ఓబులేసు హాల్లోకి రాగానే తలెత్తి గడ్డం వైపు చూసి, "పని పెండింగు" అని గుమాస్తాతో రాయించేవారు. శాఖలో దాన్ని క్షేత్ర పరిశీలన అనేవారు. ఓబులేసుకు అది గర్వంగా ఉండేది. ప్రభుత్వం తన గడ్డాన్ని గుర్తించిందని మస్తాన్ కొట్టులో చెప్పుకున్నాడు కూడా.

ఇట్లా ఉండగా గుంతలో పడేవాళ్ళు మరీ ఎక్కువైపోయారు. పైనుంచి సంజాయిషీ అడిగారు. ఇంజనీరు గారు భద్రతా సంఘాన్ని సమావేశపరిచి, ఓబులేసును కూడా పిలిచి కూర్చోబెట్టి, గొంతు సవరించుకున్నారు.

"రోడ్డు అనునది అచేతన పదార్థము. అది ఎవ్వరినీ పడవేయజాలదు. పడుచున్నది చోదకుడు. కావున లోపము రోడ్డునందు లేదు, చోదకుని నైపుణ్యమునందు గలదు. దీనికి శాశ్వత పరిష్కారముగా మన పట్టణమున చోదక నైపుణ్య దినము జరుపుచున్నాము. రేసు ట్రాకు వేయబడును. నగరము నుండి కోచ్ వచ్చును. శిక్షణానంతరము సూపర్ బైకుపై పరీక్ష. నెగ్గినవారికి నైపుణ్య పత్రము."

"పత్రం లేనోళ్ళు గుంతలో పడితే సార్?" అన్నాడు ఓబులేసు.

"శాఖకు బాధ్యత లేదు."

"పత్రం ఉండేటోళ్ళు పడితే?"

"నెగ్గినవారు పడరు."

"పడితే సార్?"

"పడినచో నెగ్గనట్లే."

ఇంకొక రోజయితే ఓబులేసు అక్కడే బల్ల గుద్దేవాడు. కానీ అతని చెవిలో సూపర్ బైకు అన్న మాట దిగబడిపోయింది. అతను నడిపే మోపెడ్, ఎత్తు వస్తే కాళ్ళతో కూడా సాయం చేయాల్సిన రకం. పెళ్ళికి ముందు ఏదో పేపర్లోంచి కత్తిరించిన ఎర్ర మోటారు సైకిలు బొమ్మను ట్రంకుపెట్టె మూత లోపల అంటించుకున్నాడు. ఆ బొమ్మ ఇంకా అక్కడే ఉంది; ఆ సంగతి తులశమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. "ప్రజల తరపున పరిశీలించేదానికి నేను గూడా వస్తా సార్" అని గంభీరంగా చెప్పి లేచాడు.

గానుగ మలుపుకని ఎప్పుడో మంజూరై ఎవరికీ కనబడని తారు, ట్రాకు అనేసరికి ఎక్కడినుంచో ఊడిపడింది. పాత సంత మైదానంలో పరుస్తామన్నారు. మైదానానికి పోతున్న మొదటి లారీ గానుగ మలుపు గుంతలోనే దిగబడింది. ఒరిగిన లారీలోంచి పొగలు కక్కుతూ తారు కలిపిన కంకర గంపెడు గుంతలో రాలింది. కరువులో ఉన్నవాడి నోట్లో మెతుకు పడ్డట్టయింది. మస్తాన్ టీ గ్లాసులు వదిలేసి వచ్చి చూశాడు.

"అన్నా, దేవుడే పూడుస్తాండాడు" అన్నాడు.

మర్నాడు శాఖ మనుషులు పారలతో వచ్చి ఆ కంకరను గోకి, ఊడ్చి, ఎత్తుకుపోయారు. అది ట్రాకు పద్దు తారు, రోడ్డు గుంతలో ఉండకూడదు. గోకడంలో గుంత ఇంకాస్త లోతైంది.

నైపుణ్య దినం రానే వచ్చింది. మైదానంలో నల్లగా నిగనిగలాడుతూ మలుపులు తిరిగిన ట్రాకు, దాని అంచుల్లో వరసగా ఎర్ర ప్లాస్టిక్ కోన్లు, ఒక పక్క షామియానా, దాని వెనక ఆరోగ్య శిబిరం. కోచ్ పేరు విక్రాంత్. నెమ్మదస్తుడు. ముందు అందరికీ నల్లబల్ల మీద బొమ్మలు గీసి చెప్పాడు.

"బండిని చేతులు నడపవండీ, కళ్ళు నడుపుతాయి. మీ చూపు ఎటుంటే బండి అటు వెళ్తుంది. మలుపు తిరిగేటప్పుడు చక్రం ముందు నేల చూడకండి, మలుపు ఎక్కడ పూర్తవుతుందో అక్కడ చూడండి. భయపడి రాయినే చూస్తూ ఉంటే రాయినే గుద్దుతారు. గుంతనే చూస్తూ ఉంటే గుంతలోకే పోతారు."

మాట మంచిదే. మంచి మాట ఆఫీసరు చెవిన పడితే ఏమవుతుందో ఆ అబ్బాయికి తెలియదు. ఇంజనీరు గారు లేచి మైకు అందుకున్నారు.

"విన్నారు గదా. గుంతలయందు పడుటకు హేతువు గుంతలను వీక్షించుటే అని నిపుణులు సెలవిచ్చినారు. ఇంతకాలము అర్జీల ద్వారా, ధర్నాల ద్వారా ప్రజల చూపును పదే పదే గుంత వైపునకు మళ్ళించినవారే ఈ ప్రమాదములకు కారకులు. నేటి నుండి గుంతలను చూచుట, చూపుట, ఫొటోలు తీయుట శాఖాపరముగా నిషేధము."

జనమంతా ఓబులేసు వైపు తిరిగారు. కోచ్ మొహం పాలిపోయింది.

"సార్, నేను చెప్పింది ట్రాక్ గురించి. ఊళ్ళో రోడ్డు మీద గుంత ఉంటే ముందు దాన్ని పూడ్చాలి కదా" అన్నాడు. అప్పటికే అతని మైకు పని చేయడం మానేసింది.

ఓబులేసు పిడికిలి బిగించి లేచాడు. నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే ఎవరో షామియానా పక్కన ఉన్న బండి మీది గుడ్డ లాగారు. ఎర్రటి సూపర్ బైకు. కందిరీగ నడుము, మేకపోతు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, ఎండలో తళతళలాడే పొట్ట. ట్రంకుపెట్టె మూత తెరిచినట్టే ఉంది. ఓబులేసు తెరిచిన నోరు తెరిచినట్టే పెట్టుకుని కూర్చున్నాడు.

"ప్రజల పక్షమున తొలి పరీక్షకు శ్రీ ఓబులేసు గారిని ఆహ్వానించుచున్నాము" అన్నారు ఇంజనీరు గారు. ఆ ఊళ్ళో అతన్ని గారు అని మైకులో పిలవడం అదే మొదలు.

తోలు కోటు తొడిగారు. పొట్ట దగ్గర జిప్పు పడకపోతే ఇద్దరు పట్టి లాగారు. హెల్మెట్ దగ్గర వచ్చింది చిక్కు. గడ్డాన్ని ముడేసి లోపలికి తోశారు, అద్దం కిందినుంచి బయటికి వచ్చింది. మెడ కిందికి దోపారు, పట్టీ బిగుసుకోలేదు. హెల్మెట్‌లో ఓబులేసు గడ్డి కూరిన దిష్టిబొమ్మలా ఉన్నాడు.

"పట్టీ బిగుసుకోకపోతే నేను బండి ఎక్కనివ్వనండీ. పర్వాలేదు, చూస్తూ ఉండండి" అన్నాడు కోచ్ మెల్లగా.

ఇంజనీరు గారు ఇవన్నీ ముందే ఆలోచించి పెట్టుకున్న మనిషి. ఆరోగ్య శిబిరం పక్కన అప్పటికే ఒక కుర్చీ, ఒక మంగలి, ఒక గిన్నెడు నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. ఓబులేసు ఆ కుర్చీ వంక చూశాడు. బండి వంక చూశాడు. గుంత కోసం పెంచిన గడ్డాన్ని గుంతలతో పోరాడే శిక్షణ కోసమే తీస్తే అది ఉద్యమంలో భాగమే అవుతుంది కదా అని సమితి అధ్యక్షుడు కార్యదర్శికి చెప్పాడు. కార్యదర్శి అడ్డు చెప్పలేదు.

"ఒట్టు పెట్టినావు గదన్నా" అన్నాడు మస్తాన్ చెవిలో.

"ఒట్టు యాడికీ పోదులే మస్తానూ. మళ్ళా మొలుస్తాది."

మంగలి కత్తి పడింది. ఏళ్ళ తరబడి పెరిగిన ఉద్యమం దువ్వెనకు చుట్టుకుని నేల రాలింది.

ఆ తర్వాత జరిగింది నిజంగా చెప్పాలి. ఓబులేసు మొదటి గేరులో, కోచ్ పక్కన ఇంకో బండి మీద వస్తూ ఉంటే, ఆ ట్రాకు మీద ఒక చుట్టు తిరిగాడు. బండి వేగమేం కాదు, ఆవు కూడా దాటిపోగలదు. కానీ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక రోడ్డు అతన్ని కొట్టలేదు. నడుము అలవాటుగా దెబ్బ కోసం బిగుసుకుంది, దెబ్బ రాలేదు. పళ్ళు బిగించాడు, పళ్ళు టకటకలాడలేదు. రోడ్డంటే ఇట్లా ఉంటుందా అనుకున్నాడు. హెల్మెట్ లోపల కళ్ళు తడిశాయి. ఇదే తారు గానుగ మలుపులో ఉంటే తులశమ్మ చెయ్యి విరిగేది కాదు. ఆ మాట తోచాల్సిన చోటు అదే, తోచాల్సిన మనిషి అతనే. బండి ఆపి ఇంత తారు ఇక్కడ ఎందుకుందని అరవాల్సింది. అతను బండి ఆపి, "ఇంగొక చుట్టు తిరగచ్చునా సార్?" అని అడిగాడు.

ఫొటో తీశారు. పత్రం ఇచ్చారు. మర్నాటికల్లా అతని నవ్వుమొహం ఫ్లెక్సీగా ఊరంతా వేలాడింది.

నైపుణ్య దినం నాటి సాయంత్రమే తులశమ్మ తలుపు తీసి, గడపలోనే నిలబడిపోయింది. అతని చెంప వైపు చాలాసేపు చూసింది.

"పూడ్చినారా?" అంది.

ఓబులేసు గొంతు సవరించుకున్నాడు. అది ఊ అన్నట్టు వినబడింది. అబద్ధం చెప్పలేదని అతను తర్వాత చాలామందికి వివరించాడు.

పొద్దున్నే ఆమె మంచి చీర కట్టుకుని, కొట్టు తాళంచెవి పట్టుకుని బయటికి వచ్చింది. "బండి తియ్యి. ఆ ముళ్ళదోవన నడిచి నడిచి కాళ్ళు పుండ్లయిపాయ. నీ గడ్డం చూసి చూసి నాగ్గూడా ఇసుగొచ్చిండె. పోనీ, మాట నిలబెట్టుకున్యావు" అంది.

అక్కడైనా నిజం చెప్పొచ్చు. జేబులో నైపుణ్య పత్రం ఉంది. నగరం నుంచి వచ్చిన కోచ్ నేర్పిన విద్య ఉంది. గుంతను దాటించేస్తే చెప్పే పనే ఉండదని ఓబులేసు అనుకున్నాడు. తులశమ్మ కుడి చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చేత్తో అతని భుజం పట్టుకుని కూర్చుంది.

గానుగ మలుపులో కొత్త బోర్డు వెలసింది. "గుంత వైపు చూడరాదు. చూపు ముందుకు, బతుకు ముందుకు. రోడ్ల శాఖ." ఓబులేసు తల నిటారుగా ఎత్తాడు. కోచ్ చెప్పినట్టే మలుపు ఎక్కడ ముగుస్తుందో అక్కడికి, అంటే మస్తాన్ టీ కొట్టు బాయిలరు మీదికి చూపు సారించాడు. రెప్ప వాల్చలేదు. చూపు గుంతను దాటింది. బండి దాటలేదు.

పడుతూ పడుతూ తులశమ్మ కుడి చేతిని జెండా కర్రలా ఆకాశంలోకి ఎత్తి పట్టుకుంది. మొగుడి మీద పడింది. చెయ్యి దక్కింది. ఓబులేసు దవడ పోయి బోర్డు స్తంభానికి కొట్టుకుని చీలింది.

గుంతలో బురద మధ్య కూర్చుని ఆమె చుట్టూ చూసింది.

"పూడ్చల్యా?"

"ల్యా."

"మరి గడ్డం?"

"హెల్మెట్టు పట్టల్యా మే."

ఆమె చేతి మీది బురద మెల్లగా తుడుచుకుంది. "నా చెయ్యి ఇరిగితే గడ్డం పెంచితివి. ఎర్రబండి కనబడితే గొరిగిచ్చుకుంటివి. ఏది గొప్పది అని నేను అడగనులే. అడిగితే నువ్వు నిజం చెప్తావేమో అని భయం" అంది.

దవడకు కుట్లు వేసిన డాక్టరు ఆ చోట ఇక వెంట్రుక మొలవదన్నాడు.

సోమవారం ఓబులేసు మొహానికి కట్టుతో అర్జీ పట్టుకుని పోయాడు. పిలవకుండానే తులశమ్మ వెంట వచ్చింది. ఇంజనీరు గారు తలెత్తి, అలవాటు ప్రకారం గడ్డం ఉండాల్సిన చోటు చూసి సంతోషించారు.

"గుంత పూడినది గదా. ఇంకనూ అర్జీ ఎందులకు?"

"ఎవురు పూడ్చినారు సార్?"

"అది శాఖకు అప్రస్తుతము. గుంత పూడువరకు గడ్డము తీయనని తమరు బహిరంగముగా ప్రతిజ్ఞ చేసితిరి. గడ్డము తీసితిరి. కావున గుంత పూడినది. తమ మాటపై శాఖకు అంతటి గౌరవము. అర్జీ పరిష్కృతము."

"మరి నేను పడింది ఏంట్లో సార్?"

"లేని గుంతయందు పడినారు. అది తీవ్రమైన నైపుణ్య లోపము. తమ పత్రము రద్దు చేయుచున్నాము. తమ వంటివారి పునఃశిక్షణ నిమిత్తము ట్రాకును పొడిగించుటకు మరికొంత తారు కోరుచున్నాము."

"నేను మళ్ళా గడ్డం పెంచుతా సార్" అన్నాడు ఓబులేసు. అతని గొంతు అతనికే జాలిగా వినబడింది.

"కొత్త గడ్డము కొత్త అర్జీ క్రిందకు వచ్చును. పాత గడ్డము పొడవునకు చేరిన పిమ్మట పరిశీలింతుము."

అప్పుడు తులశమ్మ ముందుకు వచ్చింది. పాత దెబ్బకు వంకర తిరిగిన మణికట్టును బల్ల మీద పెట్టింది.

"సారూ, ఆ కోచ్ అబ్బాయి ఏమన్నాడంట? చూపు యాడుంటే బండి ఆడికే పోతాదని గదా?"

"అవును. అది శాస్త్రము."

"మీ బండి ఇన్నేండ్లుగా మా మలుపుకు రాల్యా. అంటే మీ చూపు ఆపక్క ల్యా. నేను తిప్పుతా పట్టండి."

ఇంకేం మాట్లాడకుండా వెళ్ళిపోయింది. కొట్టు తీసి, ఓబులేసు చేతా మస్తాన్ చేతా తన కుట్టు మిషన్ మోయించింది. గానుగ మలుపు గుంతలో రాళ్ళు సర్ది మిషన్ దించింది. ఓబులేసు నవ్వుతున్న ఫ్లెక్సీని విప్పించి, గుంత ఒడ్డున నాలుగు కర్రలు పాతి ఎండ తగలకుండా పైన కట్టించింది. వంకర చేత్తో గుడ్డ సర్దుకుని, తన పాటికి తాను కుట్టడం మొదలుపెట్టింది. బస్సులు ఆగాయి. లారీలు ఆగాయి. చూడరాదన్న బోర్డు పక్కనే నిలబడి ఊరంతా చూసింది. ఓబులేసు పక్కన నిలబడి, నినాదం ఇవ్వనా అని అడిగాడు.

"వద్దు. సూదిలో దారం ఎక్కియ్యి" అంది తులశమ్మ.

కాబట్టి ఇంజనీరు గారూ, భద్రతా సంఘం పెద్దలూ, ఇక ఓబులేసు మొహంలో ఏముందో వెతకొద్దు. అక్కడ కుట్లు తప్ప ఏమీ లేవు. సంత మైదానంలో మీరు దాచుకున్న తారును పెళ్ళగించి బండ్లకెత్తండి. ఆ చూడరాదన్న బోర్డును మీ చేతులతోనే పీకండి. గుంత ఒడ్డుకు వచ్చి నిలబడి, మెడలు వంచి, ఒక్కసారి కిందికి చూడండి. చూశాక పూడ్చండి. తులశమ్మ మిషన్ మీద ఇప్పుడొక పెళ్ళి రవిక ఉంది. చేతులు ఎక్కించడం అయింది, ఇక కాజాలు కుట్టాలి, హుక్కులు వేయాలి. ఆమె ఆ దారం తెంపేలోపు తారు రావాలి.